శాకాహారి అమ్మగారితో హిబాచి రెస్టారెంట్‌కి: చెఫ్ బండి బయటికి రాకముందే చెప్పాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: టెక్సాస్‌లో, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నారు. అమ్మానాన్నలు ఇండియా నుంచి మొదటిసారి వచ్చారు. పాప ఏడో పుట్టినరోజు శనివారం పడింది, హిబాచికే (కస్టమర్ల ముందే వేడి పెనం మీద చెఫ్ ఆటలాడుతూ వండిపెట్టే జపనీస్ తరహా రెస్టారెంట్‌కి) వెళ్దామని పట్టుబట్టింది. అమ్మగారు పూర్తి శాకాహారి. నాన్నగారు చికెన్, చేప తింటారు గానీ శనివారం ముట్టరు. మూడేళ్ల బాబుకి మంటంటే భయం. స్నేహితుల జంటతో కలిపి మొత్తం 8 మంది. అసలు వెళ్లొచ్చా, వెళ్తే ఏం ఆర్డర్ చేయాలి, టిప్ ఎంత ఇవ్వాలి?

డాలస్ చుట్టుపక్కల ఇలాంటి రెస్టారెంట్‌లో ఫ్లోర్ మేనేజర్‌గా చాలాకాలం పనిచేశాను. మన తెలుగు కుటుంబాలు ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లని తీసుకొచ్చి ఎక్కడ ఇబ్బంది పడతారో దగ్గర్నుంచి చూశాను. కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

వెళ్లొచ్చు. కానీ శనివారం రాత్రి వద్దు. ఆదివారం మధ్యాహ్నం, వాళ్లు తలుపు తీసే టైముకే, మొదటి బ్యాచ్‌లో టేబుల్ బుక్ చేసుకోండి. పాప పుట్టినరోజు ఒక్కరోజు ఆలస్యమైతే ఏం కాదు, ఇంట్లో కేకు శనివారమే కోయండి. ఆదివారమైతే నాన్నగారు హాయిగా చికెన్ తింటారు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. తెరిచిన వెంటనే వెళ్తే ఆ పెనం మీద ఆ రోజు ఇంకా మాంసం పడి ఉండదు. శనివారం రాత్రి 8 గంటలకి వెళ్తే, అదే పెనం మీద అప్పటికే రెండు మూడు బ్యాచ్‌ల రొయ్యలు, స్టేకులు వండేసి ఉంటారు. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య గీకి తుడుస్తారు, నిజమే. కానీ బయట జనం లైన్లో నిలబడి ఉంటే ఆ తుడవడం ఎంత ఓపిగ్గా జరుగుతుందో మీరే ఊహించుకోండి.

ఇక్కడ వంట ఎలా నడుస్తుందో తెలిస్తే ఏది అడగొచ్చో, ఎప్పుడు అడగాలో మీకే అర్థమవుతుంది. మీరు ఆర్డర్ ఇవ్వగానే సర్వర్ దాన్ని సీటు నంబర్ల వారీగా టికెట్ మీద, అంటే ఆర్డర్ చీటీ మీద కొడుతుంది. ఆ టికెట్ వెనక కిచెన్‌లోకి వెళ్తుంది. అక్కడ ఒకతను దాన్ని చూసి మీ టేబుల్‌కి కావాల్సినవన్నీ ఒక తోపుడు బండి మీద సర్దుతాడు. పచ్చి చికెన్ ఒక ట్రేలో, రొయ్యలు ఒక దాంట్లో, స్టేకు ముక్కలు ఇంకోదాంట్లో. పెద్ద గిన్నెలో ముందే వండి చల్లార్చిన అన్నం, కోసిన ఉల్లిపాయ, జుకినీ, మష్రూమ్స్, క్యారెట్, నాలుగైదు గుడ్లు. పక్కన నూనె సీసా, సోయా సాస్ సీసా, వెల్లుల్లి కలిపిన బటర్ డబ్బా, నువ్వులు, ఉప్పు, మిరియాలు. చెఫ్‌కి ఒక జత గరిట, అట్లకాడ, నడుముకి కత్తి. అంతే. అతను ఆ బండి తోసుకుంటూ మీ టేబుల్ దగ్గరికి వచ్చేసరికి ఆట సగం అయిపోయినట్టే. బండి మీద లేనిది అతని దగ్గర లేదు. అప్పుడు మీరు "మా అమ్మకి వేరే అట్లకాడ వాడతారా" అని అడిగితే, టేబుల్ చుట్టూ 8 మంది ఆకలితో చూస్తుండగా బండి వదిలేసి కిచెన్‌లోకి పరిగెత్తలేడు. నవ్వుతూ తలూపుతాడు. తర్వాత అదే అట్లకాడతో కానిచ్చేస్తాడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు.

అందుకే మీ షరతులు ఏవైనా టికెట్ మీదకి ఎక్కాలి. రెండుసార్లు చెప్పండి. టేబుల్ బుక్ చేసేటప్పుడు ఫోన్లో ఒకసారి, ఆర్డర్ తీసుకునే సర్వర్‌కి ఒకసారి. యాప్‌లో బుక్ చేసి "స్పెషల్ రిక్వెస్ట్" డబ్బాలో రాస్తే సరిపోతుందనుకోకండి. హడావిడిలో దాన్ని చదివేవాళ్లు తక్కువ. ఫోన్ చేయండి, అదీ మధ్యాహ్నం 3, 4 గంటల మధ్య చేయండి. ఆ టైములో మేనేజర్ తీరిగ్గా మాట్లాడతాడు.

ఇప్పుడు అమ్మగారి సంగతి. ఇక్కడ నేను మొహమాటం లేకుండా చెప్పాలి. శాకాహారుల్లోనే రకాలున్నాయి. పక్కవాళ్లు మాంసం తింటున్నా పట్టించుకోకుండా తన ప్లేటులో మాంసం లేకపోతే చాలనుకునేవాళ్లు ఒక రకం. ఒకే పెనం, ఒకే గరిట అంటే ఒప్పుకోనివాళ్లు ఇంకో రకం. ఆ వాసనే పడనివాళ్లు మూడో రకం. మీ అమ్మగారు ఏ రకమో మీకే తెలుసు. మొదటి రకమైతే ఏ సమస్యా లేదు. మూడో రకమైతే దయచేసి తీసుకెళ్లకండి. కళ్ల ముందు రెండడుగుల దూరంలో రొయ్యలు చిటపటలాడుతుంటే, గంటన్నర సేపు ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చోవాలి. మనవరాలి కోసం పైకి ఏమీ అనరు. కానీ ఏమీ తినరు కూడా.

చాలామంది పెద్దవాళ్లు రెండో రకం. వాళ్లకి రెండు దారులున్నాయి. ఒకటి, అందరికన్నా ముందు ఆవిడ ఐటమ్స్ వండించడం. బండి మీద అదనంగా ఒక జత అట్లకాడలు పెట్టించి, పెనం శుభ్రంగా గీకించి, ముందు టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది), కూరగాయలు, గుడ్డు లేని అన్నం వండి ఆవిడ ప్లేటులో పెట్టేయమని అడగాలి. ఇది మొదటి బ్యాచ్‌లోనే బాగా కుదురుతుంది. చిక్కేమిటంటే అందరికన్నా ముందే ఆవిడ భోజనం వచ్చేస్తుంది, మిగతావాళ్లకి వచ్చేలోపు చల్లారిపోతుంది. రెండో దారి, ఆవిడకి మాత్రం లోపలి కిచెన్‌లో వేరే కడాయిలో వండించి తెప్పించడం. చాలా రెస్టారెంట్లలో బెంటో బాక్సులకీ (అరల డబ్బాలో సర్ది ఇచ్చే భోజనం), పార్సిళ్లకీ వెనక ఎలాగూ వంట నడుస్తూనే ఉంటుంది. నన్నడిగితే రెండోదే మేలంటాను. ఆవిడ టేబుల్ దగ్గరే కూర్చుని తమాషా చూస్తారు, ప్లేటు మాత్రం లోపల్నుంచి వస్తుంది.

ఇక కంటికి శాకాహారంలా కనిపించి మోసం చేసేవి చెబుతాను. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

మొదట వచ్చే పల్చటి సూప్. నీళ్లలా తేటగా ఉంటుంది, పైన నాలుగు మష్రూమ్ ముక్కలు, కాస్త ఉల్లికాడ తేలుతుంటాయి. చూస్తే ఇందులో ఏముంటుందిలే అనిపిస్తుంది. దాదాపు అన్నిచోట్లా దానికి ఆధారం చికెన్‌తోనో బీఫ్‌తోనో కాచిన రసం. "వెజిటేరియన్ సూప్ ఉందా" అంటే మీసో సూప్ తీసుకోండంటారు. సోయా గింజల ముద్దతో చేసేదే గానీ, మామూలుగా దాని నీళ్లు దాషీ. అంటే ఎండు చేప తురుము, సముద్రపు నాచు వేసి కాచినవి. కాబట్టి అమ్మగారికి రెండు సూప్‌లూ వద్దు, బదులుగా ఇంకో సలాడ్ ఇమ్మనండి. సలాడ్ మీద పోసే అల్లం డ్రెస్సింగ్ మన నాలుకకి బాగా నచ్చుతుంది. అల్లం, ఉల్లి, క్యారెట్, సోయా సాస్, నూనె, వెనిగర్ కలిపి రుబ్బుతారు. అయినా ఒకమాట అడగండి, ఎవరి వంటకం వాళ్లది.

ఫ్రైడ్ రైస్‌లో గుడ్డు తప్పనిసరిగా ఉంటుంది. అన్నం అందరిదీ ఒకే కుప్పగా వేయిస్తారు. గుడ్డు వద్దని టికెట్ మీద ఉంటే చెఫ్ ముందే ఒక పక్కకి కొంచెం అన్నం తీసి విడిగా వేయిస్తాడు. లేదా తెల్లన్నం అడగండి, అది లోపల కుక్కర్ నుంచి వస్తుంది. నూడుల్స్ విషయంలో గుడ్డు గురించీ, సాస్ గురించీ రెండూ అడగాలి. కొన్నిచోట్ల ఆయిస్టర్ సాస్ పడుతుంది, అది ఆలిచిప్పలతో చేసేది. వెజ్ టెంపూరా అంటే బజ్జీలే కదా అని ఆర్డర్ చేస్తారు. పిండిలో గుడ్డు ఉండొచ్చు. నూనె మాత్రం రొయ్యలు వేయించిన నూనే. పిల్లలు గిన్నెలు గిన్నెలు నాకేసే ఆ లేత గులాబీ రంగు సాస్, యమ్ యమ్ సాస్, మయొనైజ్‌తో చేసింది. అంటే అందులోనూ గుడ్డే. తెరియాకీ సాస్‌లో మిరిన్ అనే బియ్యపు మద్యం పడుతుంది. దాన్ని పట్టించుకునేవాళ్లు మన ఇళ్లల్లో ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

మరి ఏం మిగిలింది అంటారేమో. ఉడికించిన ఎడమామె, అంటే లేత సోయా కాయలు, పైన ఉప్పు చల్లి ఇస్తారు. అనపకాయలు ఒలుచుకుని తిన్నట్టు తినొచ్చు, పెద్దవాళ్లకి వెంటనే నచ్చేస్తాయి. సుషీ కౌంటర్ ఉంటే దోసకాయ రోల్ గానీ అవకాడో రోల్ గానీ తెప్పించండి, కోసే పలక తుడిచి చేయమనండి. టోఫు, కూరగాయలు, తెల్లన్నం. మీ ఇంట్లోంచి చిన్న డబ్బాలో ఆవకాయ తీసుకెళ్తే ఎవరూ మిమ్మల్ని వెళ్లగొట్టరు. మేనేజర్‌గా ఉన్నప్పుడు నేను చూసీ చూడనట్టు వదిలేసేవాణ్ణి. ఈ వంటలో కారం ఉండదు. సోయా సాస్, బటర్, వెల్లుల్లి, ఇవే రుచులు. నాన్నగారికీ చప్పగానే అనిపిస్తుంది. మిరప్పొడి గానీ శ్రీరాచా సాస్ గానీ అడిగి ముందే టేబుల్ మీద పెట్టించండి.

నాన్నగారి విషయంలో ఒకే ఒక్క జాగ్రత్త. మెనూలో బీఫ్ అన్న మాట ఎక్కడా కనిపించకపోవచ్చు. స్టేక్, ఫిలే మిన్యాన్, న్యూయార్క్ స్ట్రిప్, వాగ్యూ, ఇవన్నీ గొడ్డుమాంసమే. "ఎంపరర్ కాంబో", "సమురాయ్ స్పెషల్" లాంటి పెద్ద పేర్లున్న కాంబోల్లో చాలావాటిలో ఒక స్టేక్ తప్పకుండా ఉంటుంది. స్నేహితులు స్టేక్ ఆర్డర్ చేస్తే, అది అందరికన్నా చివర పెనం మీద వేయమని చెప్పండి. చెఫ్‌లకి ఇది కొత్త కోరిక కాదు. మాంసం ఎంత ఉడకాలని అడిగితే "వెల్ డన్", అంటే పూర్తిగా ఉడకాలి అనే చెప్పండి. చికెన్ గురించి ఎవరూ అడగరు. లోపల 74 డిగ్రీల సెల్సియస్ వేడి తగలాల్సిందే. ఎప్పుడైనా ముక్క లోపల గులాబీ రంగు కనిపిస్తే మొహమాటపడకుండా చెఫ్‌కి చూపించండి, పెనం అక్కడే ఉంది, అర నిమిషం పని.

ఎలర్జీల గురించి మీరు అడగలేదు. కానీ స్నేహితులు వస్తున్నారు కాబట్టి వాళ్లని కనుక్కోండి. అమెరికాలో ముఖ్యమైన ఎలర్జీ పదార్థాలుగా చట్టం గుర్తించినవి 9. నువ్వులు తొమ్మిదోదిగా 2023 జనవరి 1 నుంచి చేరాయి. వాటిలో సోయా, గోధుమ, గుడ్డు, పాలు, చేప, రొయ్య జాతి, నువ్వులు, ఈ 7 ఒక మామూలు హిబాచి టేబుల్ మీద ఒకేసారి ఉంటాయి. సోయా సాస్‌లో గోధుమ ఉంటుందని చాలామందికి తెలియదు. రొయ్యలు పడవని డాక్టరు తేల్చి చెప్పినవాళ్లని ఈ టేబుల్ దగ్గర కూర్చోబెట్టొద్దు. ముందు వండినా, వేరే గరిట వాడినా, ఆవిరి మొహానికే కొడుతుంది. ఇందులో నేను రాజీపడను. మా దగ్గరికి అలాంటివాళ్లు వస్తే మామూలు డైనింగ్ టేబుల్‌కి పంపించేవాణ్ణి, వాళ్లకి కోపం వచ్చినా సరే.

ఇక తమాషా సంగతి. నాన్నగారు తప్పకుండా అడుగుతారు, "జపాన్లో ఇలాగే తింటారా" అని. లేదని చెప్పండి. జపాన్లో ఈ పద్ధతిని టెప్పన్యాకీ అంటారు. 1945లో కోబే నగరంలో మిసోనో అనే రెస్టారెంట్ ఇనప పలక మీద స్టేక్ వండి వడ్డించడం మొదలుపెట్టింది. ఇప్పటికీ అక్కడ ఇది ఖరీదైన, నిశ్శబ్దంగా సాగే భోజనం. ఉల్లిపాయ అగ్నిపర్వతాలు, గాల్లో ఎగిరే గుడ్లు ఉండవు. ఆ హంగామా అంతా అమెరికాలో పుట్టింది. రాకీ ఆవోకి అనే కుస్తీ వీరుడు 1964లో న్యూయార్క్ 56వ వీధిలో నాలుగే టేబుళ్లతో బెనిహానా అనే రెస్టారెంట్ మొదలుపెట్టాడు. అంతకుముందు హార్లెమ్‌లో ఐస్‌క్రీమ్ బండి నడిపి ఆ డబ్బు కూడబెట్టాడు. అమెరికన్లకి అప్పట్లో పచ్చి చేపలంటే జంకు. వాళ్లకి తెలిసిన చికెన్, స్టేక్, రొయ్యల్నే కళ్ల ముందు కోసి, వండి, నవ్వించి పెట్టాడు. ఇందులో వ్యాపార తెలివి ఇంకోటుంది. వంట కస్టమర్ల ముందే అయిపోతుంది కాబట్టి వెనక వంటగది చిన్నదైనా చాలు, ఆ చోట్లో ఇంకో టేబుల్ వేసుకోవచ్చు. మన 8 మంది సీట్ల టేబుల్ ఆ లెక్కలోంచి వచ్చిందే. చెఫ్‌లు కూడా జపాన్ వాళ్లే అనుకోకండి. నాతో పనిచేసినవాళ్లలో చైనా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, మెక్సికో వాళ్లే ఎక్కువ.

పెనం దాదాపు ముప్పావు అంగుళం మందం ఉన్న ఉక్కు పలక. గ్యాస్ మంట కింద నడిమధ్యన ఉంటుంది. అందుకే మాంసం మధ్యలో వేస్తారు, అయిపోయిన అన్నాన్ని అంచులకి జరుపుతారు. మీ వైపు అంచు దగ్గర వేడి తక్కువే అయినా చెయ్యి పెట్టే వేడి కాదు. ఆ ఇనుముకీ మీ ప్లేటుకీ మధ్య ఒక అడుగు వెడల్పున చెక్కో రాయో ఉంటుంది, మీ హద్దు అదే. బాబుని ఆ హద్దు దాటి చెయ్యి చాచనివ్వకండి. చెఫ్ ఒక పొడుగు వైపు నిలబడతాడు, మనం మిగతా మూడు వైపులా కూర్చుంటాం. చెఫ్ పక్కనే ఉండే రెండు చివరి సీట్లలో నూనె చుక్కలు పడతాయి, అక్కడ పెద్దవాళ్లూ పిల్లలూ వద్దు, మీ స్నేహితుణ్ణి కూర్చోబెట్టండి. చెఫ్‌కి ఎదురుగా ఉన్న సీట్ల మూల బాబుకి మంచిది. భయం వేస్తే ఎత్తుకుని లేవడానికి మీకు సందు కూడా ఉంటుంది.

మంట రెండుసార్లు వస్తుంది. మొదట్లో పెనం మీద నూనె, మద్యం చల్లి వెలిగిస్తారు, అది మనిషెత్తు లేస్తుంది, రెండు మూడు సెకన్లలో ఆరిపోతుంది. రెండోది ఉల్లిపాయ చక్రాల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి చేసే అగ్నిపర్వతం, అది చిన్నదే. బాబు కోసం "మొదటి పెద్ద మంట వద్దు, ఉల్లిపాయది చాలు" అని సర్వర్‌కి చెప్పండి. పాపకి ముచ్చట తీరుతుంది, బాబు ఏడవడు. మంట పూర్తిగా వద్దన్నా చెఫ్ ఏమీ అనుకోడు. అమ్మగారిని పట్టుచీరలో తీసుకెళ్లకండి. మంట అంతదూరం రాదు గానీ, జుట్టూ బట్టలూ అన్నీ నూనె, వెల్లుల్లి వాసన కొడతాయి. కాటన్ చీర కట్టుకుని పైట దోపుకుంటే చాలు. చలికాలమైతే జాకెట్లు కార్లోనే వదిలేయండి.

చెఫ్ అందరి నోట్లోకీ అట్లకాడతో రొయ్య ముక్కో జుకినీ ముక్కో విసురుతానంటాడు. పిల్లలకి సరదానే. పెద్దవాళ్ల వైపు మాత్రం వద్దనండి. 2001లో న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లో ఒకాయన అలా ఎగిరొచ్చిన రొయ్యని తప్పించుకోబోయి మెడ పట్టేసిందన్నారు. తర్వాత ఆపరేషన్లయి, ఆ పైన చనిపోయారు. కుటుంబం కోటి డాలర్లకి దావా వేసింది. రెస్టారెంట్ తప్పు లేదని 2006లో జ్యూరీ తేల్చింది. తప్పెవరిదైనా, పెద్దవయసు నాన్నగారికి ఈ ఆట దేనికి? అమ్మగారికి విసిరేది జుకినీ అయినా సరే, అది రొయ్యల పక్కన వేగిందేనని గుర్తుంచుకోండి. ఇంకో సీసాతో సాకే నోట్లోకి చిమ్ముతారు. అది మద్యం. చెయ్యి అడ్డం పెట్టి తల అడ్డంగా ఊపితే చాలు, బలవంతం చేయరు. మంట ఆర్పడానికి ఉచ్చ పోసే పిల్లాడి బొమ్మ ఒకటి వాడతారు కొన్నిచోట్ల. పాప పగలబడి నవ్వుతుంది. నాన్నగారు ఇదేం భోజనం రా అన్నట్టు మీ వైపు చూస్తారు. దానికి నా దగ్గర మందు లేదు.

టైము గురించి కాస్త గట్టిగా చెప్పాలి. 8 మందీ వచ్చాకే కూర్చోబెడతారు, ఎందుకంటే వంట అందరికీ ఒకేసారి మొదలవుతుంది. మన స్నేహితులు "దారిలో ఉన్నాం" అంటూ ఇంట్లోంచి బయల్దేరే రకమైతే వాళ్లకి అరగంట ముందు టైము చెప్పండి. పావుగంట దాటితే టేబుల్ ఇంకొకరికి ఇచ్చేస్తారు. మీరు సరిగ్గా 8 మంది కావడం అదృష్టం. టేబుల్ మొత్తం మీదే. అదే నలుగురో ఐదుగురో వెళ్తే మిగతా సీట్లలో ముక్కూ మొహం తెలియనివాళ్లు కూర్చుంటారు, వాళ్లు స్టేక్ ముందు వండమంటే మీరేమీ అనలేరు. టేబుల్ మీదైతే ఏది ముందు, ఏది చివర అనేది మీ ఇష్టం.

డబ్బు సంగతి. రాత్రి భోజనం ఊరిని బట్టి, తెప్పించేదాన్ని బట్టి మనిషికి సుమారు 25 నుంచి 45 డాలర్లు అవుతుంది. మధ్యాహ్నం అదే భోజనం తక్కువలో వస్తుంది, కానీ వారాంతాల్లో లంచ్ ధర ఉందో లేదో ఫోన్లోనే అడగండి. ఇద్దరికీ ఒక ప్లేటు చెప్పి పంచుకుందామనుకుంటే షేరింగ్ ఛార్జి అని విడిగా వేస్తారు. పిల్లలకి పిల్లల ప్లేటే చెప్పండి, అది కూడా ఒక పెద్దమనిషికి సరిపోయేటంత ఉంటుంది. ఫ్రైడ్ రైస్‌కి తెల్లన్నం మీద అదనంగా మూడు నాలుగు డాలర్లు తీసుకునే చోట్లున్నాయి. పుట్టినరోజని చెబితే డప్పు కొట్టి పాట పాడి ఐస్‌క్రీమ్ ఇస్తారు. దానికి ఎక్కడా డబ్బు తీసుకోగా నేను చూడలేదు.

టిప్ దగ్గరే చాలామందికి టెన్షన్. లెక్క సులువే. మీ బిల్లు 300 డాలర్లు అనుకోండి. టెక్సాస్‌లో మీ ఊళ్లో సేల్స్ టాక్స్ 8.25 శాతం, అంటే 24.75. టిప్ టాక్స్ కలపకముందు మొత్తం మీద లెక్కేస్తే చాలు. 18 శాతమైతే 54, 20 శాతమైతే 60. కానీ ముందు బిల్లు పైనుంచి కిందికి చదవండి. చాలాచోట్ల 6 గానీ 8 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న గుంపుకి "గ్రాట్యుయిటీ" అని, అంటే టిప్, వాళ్లే కలిపేస్తారు. అది చూడకుండా కింద గీత మీద మళ్లీ 20 శాతం రాసినవాళ్లని నేను ఎంతోమందిని ఆపాను. ఆపని రెస్టారెంట్లు కూడా ఉంటాయి. ఆ టిప్ సర్వర్, చెఫ్ ఇద్దరూ పంచుకుంటారు, ఏ పాళ్లలో అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. టిప్పుల మీద బతికేవాళ్లకి ఫెడరల్ కనీస వేతనం గంటకి 2.13 డాలర్లే. 1991 నుంచి మారలేదు, టెక్సాస్‌లోనూ అదే. మేనేజర్లు అందులో వాటా తీసుకోకూడదని చట్టం ఉంది. చెఫ్ మీ అమ్మగారి కోసం ఓపిగ్గా పెనం గీకి వేరే అట్లకాడ వాడితే, విడిగా ఒక పదో ఇరవయ్యో నోటు అతని చేతిలోనే పెట్టండి. బిల్లులో రాసింది అతనికి ఎంత చేరుతుందో మీకు తెలియదు.

ఇదంతా చదివాక ఇంత తతంగమా అనిపిస్తే, ఇంకో దారి ఉంది. చెఫ్‌నే ఇంటికి పిలిపించడం. కోవిడ్ తర్వాత ఇది బాగా పెరిగింది. ప్రొపేన్ సిలిండర్‌తో నడిచే పెనం, సామాను వాళ్లే తెచ్చి మీ పెరట్లో వండి పెడతారు. చాలాచోట్ల మనిషికి 50 నుంచి 60 డాలర్లు, కనీసం 10 మందికి లెక్క కడతారు. టేబుల్, కుర్చీలు, ప్లేట్లు మీవే. మన ఇళ్లకి ఇది బాగా కలిసొస్తుంది. పెనం తెచ్చాక ముందు అమ్మగారికే వండించొచ్చు, కావాలంటే మీరే కొత్త అట్లకాడ చేతికివ్వొచ్చు, పనీర్ మీరు కొని పెడితే వండుతారా అని బుక్ చేసేటప్పుడే అడగొచ్చు. వాసన పడకపోతే ఆవిడ లోపలికి వెళ్లి కూర్చుంటారు. వాన పడుతోందని గరాజ్‌లోకి మాత్రం జరపనివ్వకండి. తలుపు తెరిచి ఉన్నా సరే, ఆ మంటలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం మీదకి తెస్తుంది. ఆరుబయట, గోడకి దూరంగా, పైన పందిరి లేనిచోటే.

రెస్టారెంట్‌కే వెళ్తే, ఫోన్లో ఇంత చెబితే సరిపోతుంది: 8 మంది, ఆదివారం మొదటి బ్యాచ్, ఒకరు గుడ్డు కూడా తినని శాకాహారి, ఆవిడ ప్లేటు లోపలి కిచెన్‌లో వేరే కడాయిలో వండాలి, సూప్ వద్దు, స్టేక్ చివర వేయాలి, పెద్ద మంట వద్దు, పాప పుట్టినరోజు. వాళ్లు కుదరదంటే ఇంకో రెస్టారెంట్‌కి చేయండి. ఫ్రిస్కో, ప్లేనో చుట్టూ వీటికి కొదవ లేదు.

తిన్నాక ఎలాగూ సగం అన్నం మిగులుతుంది, డబ్బాలు అడగండి, ఇస్తారు. అవి కార్లో పెట్టి అటునుంచి అటే మాల్‌కి వెళ్లకండి. వండిన అన్నం, మాంసం రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. డాలస్ ఎండాకాలంలో 32 డిగ్రీలు దాటితే గంటే. మర్నాడు వేడి చేసుకుని, అప్పుడు ఆవకాయ కలుపుకోండి.